ఎండాకాలపు బాట

భూమి కొలిచే ఉద్యోగం చేసినవాడికి రిటైరయ్యాక పలకరించేవాళ్ళు పెద్దగా మిగలరు. కొలత కలిసొచ్చినవాడు అది తన హక్కనుకుని నన్ను మరిచిపోతాడు. తగ్గినవాడు మాత్రం చచ్చేదాకా గుర్తుపెట్టుకుంటాడు. బీదర్ బస్టాండులో నన్ను చూసి ముఖం తిప్పుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళలో ఒకామె గురించి రాయాలనే ఇది మొదలుపెట్టాను. మధ్యలో వేరే సంగతులు కూడా వస్తాయి, ఓపిక పట్టండి.

నా పేరు మాణిక్యయ్య. తాతల కాలం నుంచీ ఈ జిల్లాలోనే ఉన్నాం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజారులో ఉర్దూ, అలా పెరిగాను. సర్కారు సర్వేయరుగా చేరి సర్వేయరుగానే ఎండలో నల్లబడి బయటికొచ్చాను. ఏ ఏడు ఏ సీటులో కూర్చున్నాను, ఎవరు నా ఫైలు తొక్కిపెట్టారు అనే కథలు మా ఆవిడకే విసుగు పుట్టించాయి, మీకెందుకు.

ఇది రెండు రకాలవాళ్ళ కోసం. లైసెన్సు తీసుకుని ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు మొదటి రకం. నాలుగు రాళ్ళు వెనకేసుకుని ప్లాటో, పొలమో కొందామని తిరిగేవాళ్ళు రెండో రకం. రెండో రకంవాళ్ళు వింటారన్న ఆశ నాకు లేదు. అయినా చెప్పడం నాకు అలవాటు.

పక్క పొలంలో మంచినీళ్ళు

నేను చేరినప్పుడు గొలుసుతో కొలిచేవాళ్ళం. ఇప్పుడు మూడుకాళ్ళ మిషను నిలబెట్టి, ఆకాశంలోంచి లెక్క తెప్పించుకుంటున్నారు. పని తొందరగా అవుతోంది, సంతోషం. గొడవలు మాత్రం అప్పుడెన్నో ఇప్పుడూ అన్నే. ఎందుకంటే గొడవ ఎప్పుడూ కొలతలో లేదు. ఇద్దరు మనుషుల మధ్య నిలబడి, ఇద్దరితోనూ తిట్లు తిని, ఇద్దరికీ ఒకే మాట చెప్పి రావడమే మన పని. లెక్కలు వచ్చినంత మాత్రాన ఈ పని వచ్చినట్టు కాదు.

నా మొదటి పై అధికారి కులకర్ణి సాహెబ్. గొంతు పెద్దది, పొట్ట ఇంకా పెద్దది. ఆయనకొక అలవాటు ఉండేది. ఊళ్ళోకి వెళ్ళగానే నక్షా, అంటే ఊరి భూముల పటం, విప్పేవాడు కాదు. దరఖాస్తు పెట్టినవాడు మంచం వేసి, టీ తెప్పించి, ఫ్యాను తిప్పి ఎంత పిలిచినా పోయేవాడు కాదు. పక్క పొలంవాడి దగ్గరికి వెళ్ళి మంచినీళ్ళు అడిగేవాడు. అక్కడే గట్టు మీద కూర్చుని వానల గురించీ ఎడ్ల గురించీ మాట్లాడేవాడు. నాకప్పుడు చాలా చిరాకేసేది. ఎందుకిలా అని ఒకసారి అడిగితే కన్నడంలో ఆయన చెప్పిన దానికి అర్థం ఇది: దరఖాస్తు పెట్టినవాడు తనకేం కావాలో చెప్తాడు, ఆ భూమి ఏడాది పొడుగునా ఏం చేస్తుందో పక్కవాడే చెప్తాడు.

నేను వినలేదు. ధన్నూర అనే ఊళ్ళో ఒక పొద్దుట పక్క పొలంవాడు పెళ్ళికి వెళ్ళాడని తెలిసి కూడా కొలిచేసి, హద్దు రాళ్ళు నాటించేసి గర్వంగా బస్సెక్కాను. వారం తిరక్కుండానే ఆ రాళ్ళన్నీ పీకి ఊరి ముందు రోడ్డు పక్కన వరసగా పేర్చి పెట్టారు. కొలత అంగుళం కూడా తప్పలేదు. అయినా ఒక్కరూ ఒప్పుకోలేదు. కులకర్ణి సాహెబ్ నన్ను తిట్టలేదు. మళ్ళీ పంపి, ఈసారి పెళ్ళికెళ్ళినవాడి ఇంట్లోనే భోజనం చేసి రమ్మన్నాడు. అతను వడ్డిస్తూ నన్ను తిట్టిన తిట్లు ఇంకా గుర్తున్నాయి.

కొనేవాళ్ళ సంగతి

భూమి కొనేవాళ్ళంత తెలివైనవాళ్ళనూ, అంత తెలివితక్కువవాళ్ళనూ నేను ఒకే చొక్కాలో చూశాను. బజారులో వంకాయ కొంటే తిరగేసి, తొడిమ పట్టి చూస్తారు. పొలం కొనడానికి మాత్రం ఆదివారం కారులో వచ్చి, అద్దాలు దించకుండా చూసి, దిగి రెండు ఫొటోలు తీసుకుని, పిల్లలకు చెరుకురసం ఇప్పించి వెళ్ళిపోతారు. బయానా, అదే అడ్వాన్సు, ఇచ్చేశాక నా దగ్గరికొస్తారు. అప్పుడొచ్చి ఏం లాభం అంటే, శుభమా అని కొంటుంటే అపశకునం పలుకుతావేం అంటారు.

మిలిటరీ విమానాల స్టేషన్ గోడకు దగ్గరగా చవకగా ప్లాటు వచ్చిందని ఒక బడిపంతులు మురిసిపోయాడు. అక్కడ ఇల్లు కట్టడానికి అనుమతి దొరకదని ఆ చుట్టుపక్కల మేకలు కాసేవాళ్ళకు కూడా తెలుసు. ఆయన వాళ్ళనడగలేదు. ఇప్పుడు నాలుగు వైపులా ప్రహరీ గోడ, దానికో గేటు, లోపల తుమ్మ చెట్లు ఉన్నాయి. గేటుకు తాళం కూడా వేస్తాడు. లోపల దొంగలు ఏం ఎత్తుకుపోతారో ఆయనకే తెలియాలి.

ఇంకా పొలంగానే ఉన్నదాన్ని గజాల లెక్కన ముక్కలు చేసి అమ్ముతున్నారంటే పరుగెత్తండి, కొనడానికి కాదు, అక్కడి నుంచి బయటపడటానికి. వ్యవసాయేతర భూమిగా మార్చామన్న సర్కారు ఉత్తర్వు చూపించమనండి. రేపు వస్తుంది, సాహెబు సంతకం ఒక్కటే బాకీ అన్నారంటే ఆ సంతకం మీ మనవడు పెట్టించుకోవాల్సి వస్తుంది.

మన తెలుగువాళ్ళకు ఇంకో జబ్బు ఉంది. కాగితాలన్నీ కన్నడం, ఆఫీసులన్నీ కన్నడం కదా, ఎవడైనా తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు, మనోడే అని కరిగిపోతాం. ఆ మనోడి చేతే కాగితాలు చదివిస్తాం. మనోడు ఏం చదవకుండా వదిలేశాడో అడగం. నేను చూసిన మోసాల్లో సగం కన్నడం రాకపోవడం వల్ల జరగలేదు, తెలుగు వచ్చినవాణ్ణి నమ్మడం వల్ల జరిగాయి.

ఇక ముహూర్తాల పిచ్చి ఒకటి. మన షావుకార్లు ఉగాదికి జాగ చూడటం మొదలుపెట్టి అక్షయ తృతీయకు రిజిస్ట్రీ చేయించుకుంటారు. అంటే చూసేదీ ఎండాకాలంలోనే, కొనేదీ ఎండాకాలంలోనే. ఈ పద్ధతి వల్ల ఏమవుతుందో తెలియాలంటే అనసూయమ్మ కథ వినాలి.

సరుకు చూసి కొనే మనిషి

అనసూయమ్మ వాళ్ళది గంజిలో, అంటే మా ధాన్యం బజారులో, పప్పుల హోల్‌సేల్ దుకాణం. భర్త గల్లా దగ్గర కూర్చుంటాడు, ఎక్కువ మాట్లాడడు. సరుకు చూసేది ఆమే. బస్తాలోంచి పిడికెడు కంది తీసి, ఒక గింజ పంటితో కొరికి, ఎప్పటి పంటో, ఎంత తడి ఉందో చెప్పేసేది. ఆమె వద్దన్న బస్తాను ఆ బజారులో ఇంకొకరు ముట్టుకునేవాళ్ళు కాదు. నన్ను అన్నా అని పిలిచేది. రాఖీ పండక్కి మా ఇంటికొచ్చి మా ఆవిడ చేతి భక్ష్యాలు తినివెళ్ళేది.

ఆమెకు ఒక్కటే కోరిక. సొంతంగా పప్పు మిల్లు పెట్టాలి. ఇన్నేళ్ళూ కంది కొని, ఎవరి మిల్లులోనో ఆడించి, వాళ్ళు ఎంత నూక చేసి ఇస్తే అంత తెచ్చుకుంది. ఆ బాధతో బజారులో ఉన్న సొంత ఇల్లు అమ్మేసి, దుకాణం వెనక గదుల్లోకి మారారు. జనవాడ వైపు పొలం చూశారు. చూపించినవాడు నర్సప్ప. మధ్యవర్తి, తెలుగువాడు, ఆమెను అక్కా అనేవాడు. మనోడే కదా మరి.

రిజిస్ట్రీకి ముందు కొలిపించుకోవాలన్న బుద్ధి ఆమెకు ఉంది, అందుకు మెచ్చుకోవాలి. నేనప్పటికింకా సర్వీసులోనే ఉన్నాను. ఉగాది దాటి పది పదిహేను రోజులై ఉంటుంది. రోడ్డు మీంచి పొలంలోకి కారు హాయిగా వెళ్ళిపోయింది. నల్లరేగడి ఎండకు గట్టిపడి, బండ్లూ ట్రాక్టర్లూ తిరిగి తిరిగి, రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పున బాట పడి ఉంది. కొలిచాను. విస్తీర్ణం సరిపోయింది. రాళ్ళు నాటించాను. ఆ తర్వాత నక్షా విప్పితే అందులో బాట లేదు.

మేము కారులో వచ్చింది బాట మీద కాదు, ఈరన్న అనే రైతు పొలం మధ్యలోంచి. ఈరన్న పొలం రోడ్డుకూ ఈ పొలానికీ మధ్య సన్నగా, పొడుగ్గా ఉంది. పంట కోసి ఇంటికి చేరాక ఆ వైపు పొలాలవాళ్ళంతా ఎవరి పొలంలోంచి పడితే వాళ్ళ పొలంలోంచి అడ్డంగా తిరుగుతారు. ఎవరూ ఏమీ అనరు. అది మా వైపు మర్యాద. వానలు పడగానే ఎవరిది వాళ్ళు దున్నేసుకుంటారు. అప్పుడు ఎడ్లయినా మనుషులైనా గట్టు పట్టుకుని పోవాల్సిందే. ఈ పొలం అమ్ముతున్నవాడు కూడా తన అన్న పొలం గట్టు మీంచే పోయేవాడు. అందుకే అతనికి ఎన్నడూ బాట అవసరం పడలేదు.

కులకర్ణి సాహెబ్ నేర్పినట్టే నేను ఈరన్న దగ్గరికెళ్ళి నీళ్ళడిగాను. అతను మజ్జిగ ఇచ్చాడు. అనసూయమ్మ కూడా వెనకాలే వచ్చి, ఈ బాటన పోనిస్తవా అన్నా అని అతన్ని సూటిగా అడిగింది. ఈరన్న నవ్వాడు.

"ఇప్పటిదాంక ఎవలనూ ఆపలే అక్కా" అన్నాడు.

అందులో అబద్ధం లేదు. నేను అడిగాను, మరి వానకాలంలో ఎట్లా అని.

"వానకాలం అటు ఎవలు పోతరు సార్?" అన్నాడు.

ఇందులోనూ అబద్ధం లేదు. నాకు మొత్తం అర్థమైపోయింది. అనసూయమ్మకు మొదటి మాట ఒక్కటే వినిపించింది. నర్సప్ప మధ్యలో దూరి, ఊరి పెద్దల చేత రాయించి ఇస్తానని, ఇన్ని బండ్లు తిరిగే బాటను ఎవరు మూస్తారని గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు. నేను ఆమెను పక్కకు పిలిచాను.

"మిరుగు పడ్డంక ఒకసారి వచ్చి చూస్కో చెల్లె. అప్పటిదాంక రిజిస్ట్రీ ఆపు" అన్నాను. మిరుగు అంటే మా దగ్గర మృగశిర కార్తె, తొలకరి దుక్కుల కాలం.

"అక్షయ తృతీయ పోతది గద అన్నా. కండ్లతోని చూస్తనే ఉన్నం గద, ఇంత పెద్ద రాస్తా" అంది.

కంది గింజను కొరికి చూసే మనిషి, కొరికి చూడలేనిదాన్ని కళ్ళతో చూసి నమ్మింది. పప్పు బస్తా ఏ నెలలో చూసినా అదే బస్తా. భూమి అలా కాదు. ఈ ముక్క ఆమెకు నేను చెప్పాను. నువ్వు మరీ భయపెడతవన్నా అని నవ్వి, నర్సప్ప తెచ్చిన కొబ్బరినీళ్ళు నా చేతిలో పెట్టింది.

మిరుగు

రిజిస్ట్రీ అయింది. ఎండాకాలంలోనే రాయీ ఇసకా ఇనపరేకులూ లారీల్లో తోలించి, షెడ్డు లేపేశారు. అనుమతులు తర్వాత చూసుకోవచ్చని నర్సప్ప అన్నాడట. మిల్లు మిషన్లు వేరే ఊరి నుంచి రావాలి. అవి వచ్చేసరికి మిరుగు వచ్చి, విత్తనాలు కూడా పడ్డాయి.

ఆ రోజు ఆమె నాకు ఫోను చేస్తే వెళ్ళాను. రోడ్డు మీద మిషన్ల లారీ ఆగి ఉంది. బాట ఉన్నచోట కంది మొలకలు రెండేసి ఆకులతో వరసగా నిలబడి ఉన్నాయి. రోడ్డు అంచు నుంచి షెడ్డు దాకా ఎక్కడా ఖాళీ లేదు. దూరంగా కొత్త రేకుల షెడ్డు ఎండకు మెరుస్తోంది. అనసూయమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని పొలం అంచున నిలబడి ఉంది. బురద అంటి కాళ్ళు కనిపించడం లేదు.

ఈరన్న కోపంగా ఏమీ లేడు. "గట్టు మీదికెళ్ళి పో అక్కా, ఎవలొద్దన్నరు?" అన్నాడు. మనిషికి దారి ఇచ్చాడు. మిషన్లు గట్టు మీద నడవవు. బాట మేరకు భూమి అమ్మమని ఆమె అడిగింది, ఎంతంటే అంత ఇస్తానంది. అతను తల అడ్డంగా ఊపాడు.

"మధ్యల బాటిస్తే నా చేను రెండు తునకలైతది. నాకున్నదే గింత. ఎండకాలం మీ లారీలు తొక్కిన జాగ రాయి లెక్క అయ్యింది, మూడుసార్లు దున్నిన. నేనేమన్న అన్ననా?"

అతను చెప్పిందాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నాకు బాధ. ఎదుటివాడు దుర్మార్గుడైతే పోట్లాట సులువు.

లారీ డ్రైవరు విసిగిపోయి, మొలకల మీంచి తోలేస్తాను, తొక్కిందానికి తర్వాత ఎంతో కొంత ఇచ్చేయండి అన్నాడు. అనసూయమ్మ గిరుక్కున తిరిగింది.

"కంది మీదికెళ్ళి లారీ ఎట్ల తోల్తవ్? వాపస్ తిప్పు" అంది.

ఆ క్షణంలో ఆమె మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ పోలేదు. తర్వాత జరిగినదంతా చూశాక కూడా పోలేదు. అందుకే ఈ కథ చెప్పడం నాకు కష్టంగా ఉంది.

రెండు చుక్కల గీతలు

నక్షాలో బండ్లబాటను పక్కపక్కన రెండు చుక్కల గీతలతో చూపిస్తారు. రోడ్డు లేని భూమికి మిల్లు పెట్టుకోవడానికి మార్పు ఉత్తర్వు ఇవ్వరు. కాబట్టి ఆమె ఫైలు ఆగిపోయింది. ఫైలు కదలాలంటే ఎవరో ఒకరు ఈరన్న పొలంలోంచి ఆ చుక్కలు పెట్టాలి. కొలిచింది నేను కాబట్టి ఆ ఎవరో ఒకరు నేనే.

అప్పటి మా అధికారి పేరు రాయను. మంచిగా మాట్లాడే మనిషి. కుర్చీ చూపించి, టీ తెప్పించి, పొలంలో బాట కళ్ళతో చూశావు కదా, చూసింది గీయడానికేం అన్నాడు. ఎండాకాలంలో చూశాను సార్ అన్నాను. నక్షాకు కాలాలుంటాయా అని నవ్వాడు. నీకేం పోతుందన్నాడు. పోయేది నాది కాదు, ఈరన్నది అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

నేనేదో నిజాయితీపరుణ్ణని మీరు చప్పట్లు కొట్టనక్కర్లేదు. నాకు భయం ఉంది. గీత కింద సంతకం నాది. అధికారి రేపు ఇంకో జిల్లాకు పోతాడు. పొలంలో ఈరన్న ఎదురుపడేది నాకే. ఈ ఉద్యోగంలో చాలామంది నిజాయితీ ఇలాంటి భయమే. దాన్ని తక్కువ చేసి చూడకండి, భయం లేనివాళ్ళు గీసిన గీతల వల్ల ఎన్ని ఇళ్ళు కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయో నాకు తెలుసు.

మూడు రోజుల తర్వాత అనసూయమ్మ మా ఇంటికొచ్చింది. మా ఆవిడ టీ ఇస్తే ముట్టుకోలేదు.

"నీ చెల్లె కోసం ఒక్క గీత గియ్యలేవా అన్నా?" అంది.

గీస్తే ఈరన్న కోర్టుకెళ్తాడని, ఆ గీత నిలబడదని, అప్పుడు నీ మిల్లూ ఆగుతుంది, నా పెన్షనూ ఆగుతుందని చెప్పాను. కోర్టులో కేసు నువ్వే వేసుకో, లోపలికి పోయే దారి లేని భూమికి దారి అడిగే హక్కు ఉంటుంది, వకీలును అడుగు అన్నాను. ఆమె ఇదంతా విన్నదో లేదో తెలియదు.

"గియ్యనంటవ్" అంది.

"గియ్య చెల్లె" అన్నాను.

లేచి వెళ్ళిపోయింది. ఆ ఏడు రాఖీకి రాలేదు, ఆ తర్వాతా రాలేదు. కొద్ది రోజులకే నన్ను జిల్లా చివరికి బదిలీ చేశారు. రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. కిటికీ పక్క సీటు దొరికితే అదే ప్రమోషన్ అనుకునేవాణ్ణి.

ఆమె కోర్టులో వేసింది. వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి. మిషన్లు కొన్నాళ్ళు గంజిలో తార్పాలిన్ కింద ఉండి, తుప్పు పట్టక ముందే ఇంకెవరి మిల్లుకో పోయాయి. షెడ్డు రేకులు గాలికి కొన్ని, మనుషుల చేతికి కొన్ని పోయాయి. పొలం మాత్రం పడావు పడలేదు. కౌలుకు ఈరన్నే చేస్తున్నాడు, తన చేను మీంచే ఆ పొలంలోకి నాగలి సులువుగా తీసుకుపోగలిగినవాడు అతనే కదా. పంట రాగానే ఆమె వాటా కంది దుకాణానికి పంపిస్తాడు. ఆమె ఒక గింజ కొరికి చూసి, బస్తా లోపల పెట్టించుకుంటుందట. ఆ కంది ఇప్పటికీ ఇంకొకరి మిల్లులోనే ఆడుతోంది.

నర్సప్ప సంగతి అడుగుతారేమో. బాగానే ఉన్నాడు. మోకాళ్ళ నొప్పులట.

మళ్ళీ ఎండాకాలం

మొన్న ఎండాకాలంలో అనసూయమ్మ నుంచి ఫోను వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత. అన్నా అనలేదు, సార్ అంది. పొలం అమ్మేస్తోందట. కొనే అబ్బాయి పాత సర్కారు సర్వేయరును పిలిపించి హద్దులు చూపిస్తే తప్ప కొననన్నాడట. రాళ్ళు మీరు నాటినవే, చూపించి వెళ్ళిపోండి, అంతకన్నా పని లేదు అంది. ఆ చివరి ముక్క రెండుసార్లు అంది.

నేను వెళ్ళకుండా ఉండాల్సింది. వెళ్ళాను. ఆమెను చూడాలనిపించింది, అంతే.

కారు రోడ్డు దిగి హాయిగా పొలంలోకి పోయింది. అదే వెడల్పు, అదే గట్టి నేల. కొనే అబ్బాయి పేరు సంతోష్. హైదరాబాద్‌లో కొన్నేళ్ళు పనిచేసి, ఇక చాలని తిరిగొచ్చి పాల డైరీ పెట్టుకోవాలనుకుంటున్నాడు. రోజూ రెండు పూటలా పాల వ్యాను తిరగాలి. తెలుగు పిల్లవాడు. నర్సప్పను మామా అంటున్నాడు. అనసూయమ్మ జుట్టు చాలా నెరిసిపోయింది. నాకు నమస్కారం పెట్టి, చూపు పక్కకు తిప్పుకుంది.

రాళ్ళు చూపించాను. ఒక్కటీ కదల్లేదు. ఈరన్న మజ్జిగ తెచ్చాడు. సంతోష్ ఆ మజ్జిగ తాగుతూ అడగనే అడిగాడు, ఈ బాటన పోవడానికి ఏమీ ఇబ్బంది లేదు కదా అని.

"ఇప్పటిదాంక ఎవలనూ ఆపలే" అన్నాడు ఈరన్న.

నాకు ఒళ్ళు మండింది. అతని మీద కాదు. అతను అడిగినదానికే జవాబు చెప్పాడు, అప్పుడూ ఇప్పుడూ. అనసూయమ్మ వైపు చూశాను. ఆ మాట ఆమె కూడా విన్నది. దాని వెనక ఏముందో ఆమెకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు ఈ జిల్లాలో లేరు. నోరు విప్పలేదు. చెంగుతో మెడ తుడుచుకుంటూ షెడ్డులో మిగిలిన గోడల వైపు చూస్తూ నిలబడింది.

సంతోష్ నా ముఖంలోకి చూశాడు. కొనేవాడు ఎప్పుడూ చివరికి సర్వేయరు ముఖంలోకి చూస్తాడు.

"మిరుగు పడ్డంక ఒకసారి వచ్చి చూస్కో బిడ్డా. అప్పటిదాంక రిజిస్ట్రీ ఆపు" అన్నాను.

నర్సప్ప ఏదో అందుకోబోయాడు. కానీ ఆ అబ్బాయి వినేరకం. ఎందుకని అడిగాడు, చెప్పాను. ఈరన్నను మళ్ళీ అడిగాడు, ఈసారి వానకాలం గురించి. ఈరన్న ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అబ్బాయి మజ్జిగ గ్లాసు ఈరన్నకు ఇచ్చేసి, మళ్ళీ కలుద్దాం మామా అని నర్సప్పతో చెప్పి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాడని అందరికీ అర్థమైంది.

అనసూయమ్మ నా దగ్గరకొచ్చింది. అరవలేదు.

"నాకు గింత గట్టిగ ఎందుకు చెప్పలే?" అంది.

"గదే మాట చెప్పిన. గింతే గట్టిగ" అన్నాను.

ఆ రోజు ఈ చోటే తను ఏమందో గుర్తు చేసుకుంటోందని నాకనిపించింది. కళ్ళు తడిసినట్టే ఉన్నాయి, ఎండకు కూడా కావచ్చు. తర్వాత చెప్పులు సర్దుకుని, కారు వైపు నడుస్తూ అంది.

"ఇల్లు పాయె, మిల్లు పాయె. ఇది కూడ నా మీదనే ఉంటె ఎట్ల? దున్నకముందే ఇంకొకలను తోల్కస్త. మీరు రాకుండ్రి."

నేను ఆమెను తిట్టుకున్నాను, దారంతా తిట్టుకున్నాను. మొలకల మీద లారీ తోలనివ్వని మనిషి ఒక పిల్లవాడి బతుకు మీంచి తోలబోయిందే అని. ఇంటికొచ్చాక తిట్టడం చేతకాలేదు. మోసపోయినవాళ్ళు మంచివాళ్ళుగానే మిగలాలని కోరుకునే హక్కు నాకెక్కడిది. అమ్మితే గానీ ఆమెకు ముసలితనం గడవదు. నిజం చెప్పి అమ్మితే కొనేవాడు ఉండడు.

ఇక పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఈ ఆఖరి నాలుగు మాటలు. రాబోయే ఉగాదికో, ఆ పై ఉగాదికో ఆమె మీలో ఎవరినో పిలుస్తుంది. మనిషి మర్యాదస్తురాలు, కారు పంపిస్తుంది, కొబ్బరినీళ్ళు ఇప్పిస్తుంది. రాళ్ళు సరిగ్గా ఉంటాయి, నేను నాటినవే. బాట కూడా చక్కగా ఉంటుంది. రాళ్ళు చూపించి వచ్చేస్తే మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టరు, అడిగిన పని అంతే. కానీ కొనేవాడు మీ ముఖంలోకి చూస్తాడు. అప్పుడు మిరుగు పడ్డాక ఒకసారి వచ్చి చూసుకోమని చెప్పండి.

ఆ తర్వాత ఆమె మీతో కూడా మాట్లాడదు.